నూనె సీసా: తోటలలో మనవారి ఒంటి సంరక్షణ చరిత్ర

మన పూర్వీకులు ఈ మలేషియా దేశానికి వచ్చేటప్పుడు ఏమేమి వెంట తెచ్చుకున్నారని మన సభలలో ఎవరిని అడిగినా కొన్ని జవాబులు వెంటనే వస్తాయి. రామభజన తెచ్చుకున్నారు, ఇంటిపేర్లు తెచ్చుకున్నారు, ఉగాది పచ్చడి తెచ్చుకున్నారు, గ్రామదేవతను తెచ్చుకున్నారు అంటారు. అన్నీ నిజమే. నూనె సీసా సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అది చరిత్రకెక్కదగిన వస్తువు కాదని అనుకొంటారేమో! మాకు మాత్రం, తోటలలో మనవారు బ్రతికి బట్టకట్టిన విధానాన్ని గురించి వ్రాయాలంటే ఆ సీసాను విడిచిపెట్టడానికి వీలులేదని తోస్తుంది. కూలివానికి తనదని చెప్పుకోదగిన ఆస్తి అతని ఒళ్ళు ఒక్కటే. ఆ ఒంటిని కాపాడుకోవడానికి అతని చేతిలో ఉన్న సాధనం చాలాకాలం ఆ నూనె ఒక్కటే.

ఈనాడు వైద్యులు మాయిశ్చరైజర్ అని దేనిని పిలుస్తున్నారో, అంటే చర్మంలో తేమ నిలిపే లేపనమేదో, అది మన ఇళ్ళలో ఏ రూపంలో ఉండేది, తోటలలో ఏమైంది, మన పెద్దలు చేసినదానిలో ఏది సరి, ఏది దిద్దుకోవలసినది అనే విషయాలను ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచదలచాము.

ఊరిలో ఉన్ననాటి నూనె

మనలో చాలామంది పూర్వీకులు విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుండి, కొందరు చిత్తూరు ప్రాంతం నుండి వచ్చినవారు. ఆ ఊళ్ళలో గానుగ ఉండేది. నువ్వులను గానుగాడి తీసిన నూనెకు మనవారు పెట్టుకున్న పేరే ‘మంచినూనె’. వంటకూ అదే, ఒంటికీ అదే. తలకూ దీపానికీ ఆముదం. పండుగనాడు తలంటు తప్పనిసరి. తలకూ ఒంటికీ నూనె పట్టించి, కాసేపు ఎండలో కూర్చోబెట్టి, పెసరపిండితోనో సున్నిపిండితోనో నలిచి, కుంకుడు రసంతోనో శీకాయతోనో తలరుద్ది, వేడినీళ్ళు పోసేవారు. పెళ్ళికి నలుగు పెట్టడం గూడా ఈ కోవలోదే. పురిటిబిడ్డకు కాళ్ళమీద పడుకోబెట్టుకొని నూనె మర్దన చేయడం ఏ ఇంటిలోనూ మానలేదు. నూనెను ప్రతిదినమూ ఒంటికి పట్టించాలనీ, అందులోనూ తలకు, చెవులకు, పాదాలకు ముఖ్యంగా పట్టించాలనీ వాగ్భటుడు తన అష్టాంగహృదయంలో చెప్పాడు. మనవారిలో ఆ గ్రంథం పేరు విన్నవారు బహుశా ఒక్కరూ లేకపోవచ్చు. ఐనా ఆచారం మాత్రం గుడిసెదాకా చేరింది.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. పేదవాని ఇంట నూనె పుష్కలంగా ఉండేది కాదు. తలంటు పండుగనాటి మాట. మిగిలిన దినాలలో నూనె చుక్క కాళ్ళ పగుళ్ళకూ, పసిబిడ్డకూ, బాలింతకూ దక్కేది. అనగా నూనె ఎవరికి అత్యవసరమో వారికే పోయేది. ఈ పొదుపులోనే ఒక వైద్యజ్ఞానం ఉన్నదని మేము తరువాత చూపుతాము.

సముద్రం మీద

పీనాంగు ఎదుటి వెల్లెస్లీ ప్రాంతపు చెరకు తోటలలో పని చేయడానికి 19వ శతాబ్దంలోనే మన దేశపు కూలీలను ఒడంబడికలపై తెచ్చారు. మలయాలో ఆ ఒడంబడిక పద్ధతి 1910లో ఆగిపోయింది. ఆ తరువాత కంగాణీలు ఊళ్ళకు పోయి తమవారిని పోగుచేసి తెచ్చే పద్ధతి 1938 దాకా, అంటే భారత ప్రభుత్వం కూలీల వలసను నిలిపివేసినదాకా, సాగింది. మనవారు చెన్నపట్నం దగ్గరి ఆవడి శిబిరంలోనో, నాగపట్నంలోనో దినాలు గడిపి ఓడ ఎక్కారు. 1926 తరువాత వచ్చినవారిలో ‘రజూలా’ ఓడ పేరు తెలియనివారు లేరు.

ఓడలలో నూనె సంగతి మనకు చిన్నదిగా తోస్తుంది గాని, కూలీలను నడిపిన అధికారులకు అది చిన్నది కాదు. ఫిజీ, వెస్టిండీస్ వంటి దూరదేశాలకు వారాలు, నెలల తరబడి పోయే ఓడలలో వంటకే గాక ఒంటికి రాసుకోవడానికి గూడా కొబ్బరినూనె పంచేవారు. ఉప్పుగాలి, ఉప్పునీటి స్నానం, ఇరుకు, దుమ్ము, వీటివలన చర్మం ఎండి దురద పుడుతుంది, గోకినచోట పుండవుతుంది, పుండు ఒకనికుంటే పదిమందికి అంటుకొంటుంది. దొర వైద్యునికి మన తలంటు మీద గౌరవం ఉండి కాదు, కూలీ ఒడ్డుకు చేరేటప్పటికి పనికి పనికివచ్చేలా ఉండాలనే లెక్కతో ఈ నూనె ఇచ్చారు. ఏ లెక్కతో ఇచ్చినా నూనె పనిచేసింది.

మలయా ప్రయాణం వారం పదిదినాలదే. ఐనా మనవారు దిగగానే ఇంటికి పోలేదు. పీనాంగు దగ్గర జెరెజాక్ దీవిలో ఆపి, టీకాలు వేసి, పరీక్షలు చేసి, రోగం లేదని తేలినవారిని తోటలకు పంపేవారు. ఆ పరీక్షలో మొట్టమొదట చూసేది చర్మాన్నే. మశూచి మచ్చ, గజ్జి పొక్కు, స్పర్శ తెలియని తెల్లమచ్చ, వీటిని బట్టి మనిషి తలరాత మారిపోయేది. ఆ దీవిలోనే కుష్ఠురోగులను వేరుచేసి ఉంచే ఆశ్రమం గూడా ఉండేదని గుర్తుంచుకొంటే, మన పెద్దలు ఒంటిమీది మచ్చకు ఎందుకంతగా భయపడేవారో అర్థమవుతుంది.

మంచినూనె పోయి కొబ్బరినూనె వచ్చింది

ఇక్కడ గానుగ లేదు, నువ్వుచేను లేదు. తోట అంగడిలో మంచినూనె దొరికినా కొనడానికి కూలి చాలదు. కొబ్బరి మాత్రం అంతటా ఉంది. ముఖ్యంగా దిగువ పేరాక్‌లోని బాగాన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలలో మనవారు వేలసంఖ్యలో స్థిరపడ్డారు. ఆ విధంగా ఒక తరం లోపుననే మన ఇండ్లలో తలంటు నూనె మారిపోయింది. నువ్వుల వాసనకు బదులు కొబ్బరి వాసన మన ఒంటివాసన అయింది.

నూనె తీసే పద్ధతి మా చిన్నతనం దాకా ఇళ్ళలో ఉండేది. ముదురు కాయ కొట్టి, కోరి, గోరువెచ్చని నీళ్ళతో పిసికి పాలు తీసి, సన్నని సెగమీద కాచేవారు. నీరంతా ఇగిరి నూనె పైకి తేలేది. అడుగున మిగిలిన ఎర్రని కోరుకోసం పిల్లలం కొట్లాడుకొనేవాళ్ళం. ఆ నూనెను సీసాలో పోసి గుంజకు కట్టేవారు. ఎవరి కాలు పగిలినా, ఎవరి చేయి కాలినా, ఎవరి బిడ్డ ఒళ్ళు పేలినా చేయి ఆ సీసాకే పోయేది.

తోటపనిలో చర్మానికి జరిగే హాని ఏమిటో చెప్పుకొంటే గాని ఆ సీసా విలువ తెలియదు. రబ్బరు చెట్టు గీసేవారు తెల్లవారకముందే తడి గడ్డిలో నడిచిపోవాలి. రబ్బరుపాలు చేతికంటి ఆరి పొరలుగా ఊడివచ్చేవి. కొందరికి ఆ పాలే పడేవి కావు. పాలను గడ్డకట్టించడానికి ఫార్మిక్ ఆమ్లమో ఎసిటిక్ ఆమ్లమో కలిపేవారు. ఆ చుక్కలు పడినచోట చర్మం కాలి పగిలేది. కొబ్బరి తోటలో పీచు వలిచేవారి అరచేతులు చెక్కలా గట్టిపడి గీతలవెంట చీలేవి. చెప్పులు లేని కాళ్ళు మడమల వద్ద బీటలు వారేవి. కొక్కెపు పురుగు పిల్లలు పాదం చర్మం గుండానే లోపలికి పోయి మనిషిని రక్తహీనుని చేసేవి. ఆ రోజులలో తోటలలో చలిజ్వరం తరువాత మనుష్యులను ఎక్కువగా క్రుంగదీసిన వ్యాధులలో ఇదొకటి. కాబట్టి పాదపు చర్మం ఆరోగ్యంగా ఉండడమనేది సౌందర్యానికి సంబంధించిన మాట కానేకాదు.

తోట ఆసుపత్రిలో డ్రెస్సరు ఉండేవాడు. అతని బల్లమీద నాలుగైదు సీసాలు. గజ్జికి గంధకపు మందు, పుండుకు ఊదారంగు మందు, దెబ్బకు అయోడిన్. చర్మం ఎండినా పగిలినా అతను ఇవ్వదగినది ఏమీ ఉండేది కాదు. అది రోగమని అతను ఎంచనే లేదు. పగులు వాచి చీముపట్టి, పనికి పోలేని స్థితి వచ్చినప్పుడే అది లెక్కలోకి వచ్చేది. అంతదాకా రాకుండా చూసిన వైద్యులు మన ఇండ్లలోని ముసలమ్మలే. రాత్రి పొయ్యి ఆర్పేముందు, ‘‘ఒరే, కాళ్ళు చాపరా’’ అని మా మామ్మ పిలిచేది. గోరువెచ్చని నీళ్ళ తపాలాలో కాళ్ళు పెట్టించి, కొబ్బరి పీచుతో మడమలు రుద్ది, తుడిచీ తుడవకుండానే నూనె రాసేది. ఆ తడిమీద నూనె రాయడంలోనే అసలు కిటుకంతా ఉన్నదని మాకు చాలా ఏండ్ల తరువాత గాని తెలియలేదు.

తల్లులు పనికి పోయిన తరువాత పసిపిల్లలను చూసే ఆయా కొట్టాలలో గూడా ఇదే వైద్యం. ఒక ముసలామె, చుట్టూ పాతిక ఊయలలు. అందరి బిడ్డలకూ ఒకటే నూనె గిన్నె. అందువలన గజ్జి ఒక బిడ్డనుండి మరొక బిడ్డకు అంటేదనే మాట గూడా దాచకూడదు. నూనె మేలు చేసింది. ఒకే గిన్నెలో అందరి చేతులూ ముంచడం కీడు చేసింది.

జపాను కాలం

1941 డిసెంబరులో జపాను సైన్యం మలయాలో దిగింది. తరువాతి మూడున్నరేండ్లు మన పెద్దల నోట కర్రపెండలం కాలం. బియ్యం లేదు, బట్ట లేదు, సబ్బు లేదు. గోనెసంచి చుట్టుకొని తిరిగినవారున్నారు. గోనె ఒరిసి, తిండి లేక, స్నానానికి సబ్బు లేక ఊరూరా గజ్జి పుండ్లు లేచాయి. సయాం–బర్మా రైలుదారి పనికి 1942, 43 సంవత్సరాలలో తోటలనుండి వేలాదిమందిని తోలుకొనిపోయారు. వారిలో తెలుగువారు ఉన్నారు. ఆ అడవిలో వెదురు గీరినచోట లేచిన పుండు ఎముకదాకా తినేసేది. పోయినవారిలో ఎందరో తిరిగిరాలేదు.

ఆ కాలంలో దొరికిన ఎర్రని పామాయిలే వంటకు, దీపానికి, సబ్బుకు, ఒంటికి గూడా ఆధారమైంది. కొబ్బరినూనెలో గంధకం కలిపి గజ్జికి పూసిన ఇండ్లు అనేకం. ఇందులో ఒక భేదాన్ని పాఠకులు గమనించాలి. గజ్జి అనేది చర్మంలో తొలుచుకొనిపోయే చిన్న పురుగువలన వచ్చేది. దానిని చంపినది గంధకం, నూనె కాదు. నూనె ఆ మందును ఒంటికి పట్టించింది, మంట తగ్గించింది. ‘‘నూనె రాస్తే గజ్జి పోయింది’’ అని పెద్దలు చెప్పినమాట సగం నిజం మాత్రమే. తామరకు గూడా ఇంతే. వట్టి నూనెతో తామర పోదు.

సుంగై బూలో నేర్పిన పాఠం

కౌలాలంపూరుకు సమీపాన సుంగై బూలోలో 1930లో కుష్ఠురోగుల కోసం ఒక పెద్ద నివాసస్థలం వెలిసింది. చీనా, మలయ్, భారతీయ రోగులు వేలమంది అక్కడ జీవితాలు గడిపారు. మనవారిలో ఆ పేరు గొంతు తగ్గించి చెప్పేవారు. మొదట అక్కడి వైద్యం చాల్‌మూగ్రా నూనె. బాధపడి సూదిలో ఎక్కించుకొన్నా ఫలితం స్వల్పమే. రెండవ ప్రపంచయుద్ధం తరువాత డాప్సోన్ జాతి మందులు వచ్చాక గాని రోగం లొంగలేదు.

ఐతే రోగం నయమైనా ఒక చిక్కు మిగిలింది. ఆ రోగంలో నరాలు చచ్చిపోతాయి. నరం చస్తే చెమట పట్టదు. చెమట లేని పాదం ఎండి, బీటలు వారుతుంది. స్పర్శ లేదు గనుక నొప్పి తెలియదు. పగులులో దుమ్ముచేరి పుండై, చివరకు వేళ్ళు పోతాయి. వెల్లూరులో 1946 నుండి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన తోడివారు కుష్ఠురోగులలో వేళ్ళు పోవడానికి ముఖ్యకారణం రోగక్రిమి మాంసాన్ని తినడం కాదనీ, స్పర్శ లేని అవయవం గాయపడుతూ ఉండడమేననీ చూపారు. ఈ పాదానికి ప్రపంచమంతటా కుష్ఠు వైద్యశాలలలో నేర్పే సంరక్షణ ఏమిటో వింటే మన ముసలమ్మలు నవ్వుకొంటారు: ప్రతిదినమూ పాదాన్ని నీళ్ళలో కొంతసేపు నానబెట్టు, గట్టిపడిన చర్మాన్ని మెల్లగా రుద్దు, తడి ఆరకముందే నూనెగాని వాజలిన్‌గాని రాయి. మా మామ్మ తపాలా, కొబ్బరిపీచు, నూనె సీసా, ఈ మూడూ అందులో ఉన్నాయి.

శాస్త్రం చెప్పిన మాట

తడిమీద నూనె ఎందుకు రాయాలి? ఈ ప్రశ్నకు జవాబు 1952లో గాని స్పష్టంగా దొరకలేదు. అమెరికాలో ఇర్విన్ బ్లాంక్ అనే శాస్త్రజ్ఞుడు ఎండి గట్టిపడిన చర్మపు ముక్కలను తీసికొని పరీక్షించాడు. నూనెలో ఎంతకాలం ఉంచినా ముక్క మెత్తబడలేదు. నీరు పీల్చినప్పుడే మెత్తబడి వంగింది. చర్మాన్ని మృదువుగా ఉంచేది నీరు. నూనె చేసేపని ఆ నీరు ఆవిరై పోకుండా మూత పెట్టడం. ఎండిన చర్మంమీద నూనె రాస్తే ఖాళీ కుండకు మూత పెట్టినట్టే.

చర్మపు పైపొర ఇటుకల గోడవంటిదని ఆ తరువాతి శాస్త్రజ్ఞులు చెప్పారు. చచ్చిన కణాలు ఇటుకలు. వాటి నడుమ ఉండే కొవ్వు పదార్థాలు అడుసు. అడుసు రాలితే లోపలి నీరు బయటికి పోతుంది. బయటి సబ్బు, ఆమ్లం, దుమ్ము, క్రిములు లోపలికి వస్తాయి. అప్పుడు దురద, దురదకు గోకుడు, గోకుడుకు పుండు. కొందరికి పుట్టుకతోనే ఈ గోడ బలహీనంగా ఉంటుందనీ, ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తును తయారుచేసే జన్యువులో లోపమే చాలామందిలో పొలుసుబారే చర్మానికీ, పిల్లల ఎగ్జిమాకూ మూలమనీ 2006లో బయటపడింది.

పాశ్చాత్యుల లేపనాల చరిత్ర గూడా ఈ రెండింటిని, నీటిని, కొవ్వును, కలపడానికి చేసిన ప్రయత్నమే. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ పేరు మీద చెప్పే లేపనంలో తేనెమైనం, ఆలివ్ నూనె, నీరు ఉన్నాయి. 1779లో షీలే గ్లిసరిన్‌ను కనుగొన్నాడు. 1872లో చీజ్‌బరో రాతినూనెనుండి తీసిన వాజలిన్‌కు అమెరికాలో పేటెంటు పొందాడు. 1882లో గొర్రె ఉన్నినుండి లానోలిన్ వచ్చింది. నీటిని, కొవ్వును విడిపోకుండా పట్టే పదార్థం దొరికాక 1911లో జర్మనీలో నివియా అంగడికెక్కింది. ఈనాటి లేపనం ఏదైనా చేసేవి మూడు పనులే: గ్లిసరిన్, యూరియా వంటివి నీటిని లాగి పట్టుకొంటాయి, నూనెలు ఇటుకల సందులను పూడ్చి నునుపు చేస్తాయి, వాజలిన్ వంటివి పైన మూత వేస్తాయి. మన సీసాలోని కొబ్బరినూనె రెండవ పనిని బాగాను, మూడవ పనిని కొంతవరకును చేస్తుంది. మొదటి పనికి స్నానపు తడి ఉండాలి. 2004లో ఫిలిప్పీన్సు వైద్యులు చర్మం ఎండిన రోగులపై కొబ్బరినూనెను, ఖనిజతైలాన్ని పోల్చి చూసి రెండూ సమానంగా పనిచేశాయని ప్రకటించారు.

ఏది ఉంచుకోవాలి, ఏది దిద్దుకోవాలి

పెద్దలు చేసినదంతా సరియేనని చెప్పడం మా ఉద్దేశం కాదు. నెలలు నిండని బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె మెల్లగా పట్టించినప్పుడు ఆసుపత్రిలో సోకే అంటురోగాలు తగ్గాయని ఢాకాలోని పిల్లల ఆసుపత్రిలో జరిగిన పరిశీలన 2005లో ప్రకటితమైంది. ఇది వైద్యుల కనుసన్నలలో, శుభ్రమైన నూనెతో జరిగిన పని. నూనెలన్నీ ఒకటి గావని గూడా తేలింది. ఆలివ్ నూనె చర్మపు గోడను బలహీనపరుస్తుందని 2013లో ఇంగ్లండులో చూపారు. ఖరీదు ఎక్కువ గనుక మంచిదని ఆ నూనెను పసిబిడ్డలకు వాడే మన కోడళ్ళు ఈ సంగతి గమనించాలి.

ఎగ్జిమా వచ్చిన పిల్లలకు తేమ నిలిపే లేపనం వైద్యానికి పునాది. ప్రతిదినమూ రాస్తే రోగం తిరగబెట్టడం తగ్గుతుంది; స్టీరాయిడ్ మందు వాడకం గూడా తగ్గుతుంది. ఐతే రోగం రాకముందే ప్రతి బిడ్డకూ రాస్తే ఎగ్జిమాను ఆపవచ్చునా? కొంతకాలం వైద్యులు అలాగే ఆశపడ్డారు. ఎగ్జిమా వచ్చే అవకాశం హెచ్చుగా ఉన్న 1394 మంది శిశువులపై ఇంగ్లండులో జరిగిన పెద్ద పరిశీలన 2020లో ఆ ఆశను వమ్ముచేసింది. ఏడాదిపాటు లేపనం రాసిన పిల్లలలో రెండేండ్ల వయస్సుకు నూటికి 23 మందికి, రాయనివారిలో 25 మందికి ఎగ్జిమా కనిపించింది. ఆ తేడా లెక్కలోనిది కాదు. పైగా రాసినవారిలో చర్మపు అంటురోగాలు కొంచెం హెచ్చాయి. ఆయా కొట్టపు గిన్నె మనకు చెప్పిన పాఠమూ ఇదే గదా! చేయి కడుగుకొని, గిన్నెలో వేళ్ళు ముంచకుండా, అవసరమున్న చర్మానికి రాయాలి. మన పేద పూర్వీకులు నూనెను పగుళ్ళకు, అవసరమున్నవారికి దాచి వాడిన పొదుపు ఈ విధంగా తెలివైన పద్ధతే అయింది.

పెద్దవారి పాదాల మాట మరీ ముఖ్యం. 2019 నాటి జాతీయ ఆరోగ్య సర్వేలో మధుమేహం ఈ దేశపు జాతులన్నింటిలో భారతీయులలోనే ఎక్కువగా కనిపించింది. మధుమేహం గూడా కుష్ఠువలెనే పాదపు నరాలను చంపి, చెమటను, స్పర్శను తీసివేస్తుంది. సుంగై బూలోలో జరిగినదే మన ఇండ్లలో మళ్ళీ జరుగుతున్నది: ఎండిన మడమ, కనబడని పగులు, పుండు, ఆపైన వ్రేలో కాలో తీసివేయడం. అందుచేత ఇంటిలో మధుమేహమున్న పెద్దవారి పాదాలను ప్రతిరాత్రీ ఎవరో ఒకరు చూడాలి. గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తగా అద్ది, లేపనమో నూనెనో రాయాలి. ఇక్కడ మామ్మ పద్ధతిలో దిద్దుబాట్లు ఉన్నాయి. స్పర్శ లేనివారు నీటి వేడిని తమ కాలితో చూసుకోకూడదు, మరొకరు చేతితో చూడాలి. మధుమేహపు పాదాన్ని ఎక్కువసేపు నానబెట్టకూడదు, పీచుతో గీరకూడదు. వ్రేళ్ళ సందులలో నూనె రాయకూడదు. ఆ తడి నిలిచి సందులు పాసిపోతాయి. పుండు కనబడితే నూనె పక్కనపెట్టి వైద్యుని వద్దకు పోవాలి.

సిగ్గుపడిన తరం

ఇంత మేలుచేసిన సీసా మన ఇండ్లలో గుంజమీదినుండి ఎప్పుడు దిగిందని మమ్ములను మేమే ప్రశ్నించుకొన్నాము. తోటలు ముక్కలుగా అమ్ముడుపోయి, రబ్బరు తీసి పామాయిల్ చెట్లు నాటి, మనవారు పట్నాలకు చేరిన దశాబ్దాలలోనే అది జరిగింది. పట్నపు బడిలో మేము చేరిన మొదటి దినమే ఒక ఉపాధ్యాయుడు మా తలవైపు చూసి ముక్కు మూసుకొన్నాడు. తరగతి నవ్వింది. ఆనాటి సాయంత్రం మా అమ్మ చేతిలో సీసాను తోసివేశాము. అమ్మ ఏమీ అనలేదు; మళ్ళీ నూనె రాస్తానని మాత్రం అడగలేదు. మాతోటి వారిలో ఇటువంటి సంఘటన లేనివారు తక్కువ. నూనె జిడ్డు తోటకూలి గుర్తయింది. ఆ గుర్తును కడిగివేసుకోవాలని సబ్బు మీద సబ్బు రుద్దుకొన్నాము. చల్లని గాలి యంత్రాల గదులలో పనిచేసి, వేడినీళ్ళ స్నానాలు చేసి, ఒళ్ళు దురద పెడుతున్నదని వైద్యుని వద్దకు పోయినప్పుడు ఆయన ఒక డబ్బా చేతికిచ్చి, స్నానమైన వెంటనే తడి ఆరకముందు రాసుకోమన్నాడు.

ఆ డబ్బామీద ముద్రించిన పదార్థాల పేర్లు చదివితే ఇంకొక సంగతి తెలుస్తుంది. గ్లిసరిన్, స్టియరిక్ ఆమ్లం, సెటైల్ ఆల్కహాల్. ఇవి చాలావరకు ఈనాడు పామాయిల్, పామ్ గింజల నూనె, కొబ్బరినూనెలనుండి తీసేవే. కౌలా సెలంగూరు ప్రాంతపు తెన్నమారం తోటలో 1917లో ఈ దేశపు మొట్టమొదటి వాణిజ్య పామాయిల్ సాగు మొదలయింది. నేడు ఇండోనీషియా తరువాత ప్రపంచంలో ఎక్కువ పామాయిల్ తీసేది మన దేశమే. ఆ గెలలు కోసి, ముండ్లు గుచ్చుకొని, చేతులు చీల్చుకొన్నవారిలో మనవారున్నారు. లోకమంతా ఒంటికి రాసుకొనే లేపనంలో మనవారి చెమట ఉన్నది. ఆ చెమట చిందించిన ఒంటికి రాసుకొన్న నూనె గురించి మనమే సిగ్గుపడ్డాము.

కాబట్టి పాఠకులకు మా విన్నపం ఒకటే. మీ ఇంటిలో తోటజీవితం ఎరిగిన పెద్దలు ఇంకా ఉంటే వారినడగండి: ఏ నూనె వాడేవారు, ఎలా తీసేవారు, ఎవరికి ఎప్పుడు రాసేవారు, ఏ పుండుకు ఏమి కలిపేవారు. వారు చెప్పినది వ్రాసి ఈ పత్రికకు పంపండి. వంటల గురించి, పాటల గురించి వ్రాసుకొన్నాము. ఒంటిని కాపాడుకొన్న తీరును గూడా వ్రాసుకోవలసిన సమయం మించిపోతున్నది. ప్రశ్నలు అడుగుతున్నంతసేపు ఊరికే కూర్చోకండి. వారి పాదాలు కడిగి, తడి ఆరకముందే మడమలకు కొంచెం నూనె రాయండి. పగుళ్ళేమైనా ఉన్నవేమో అప్పుడే చూడవచ్చును.